బంగాళాఖాతాన్ని ఎలా పంచుకున్నారు?

మా ఇల్లు గోపాలపూర్‌లో, సముద్రం ఒడ్డున. రోజూ బస్సెక్కి బరంపురం వచ్చి మన బడిలో చదువుకుంటున్నాను. మా తాతది, నాన్నది చేపల వేట. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, రేవులో రెండూ కలిపి మాట్లాడుకుంటాం.

2024 డిసెంబరు రెండో వారంలో ఒక వార్త వచ్చింది. మన కోస్ట్‌గార్డు వాళ్ళు రెండు బంగ్లాదేశ్ మరబోట్లను పట్టుకుని పారాదీప్ రేవుకి తీసుకొచ్చారు. వాటిలో 78 మంది ఉన్నారు. మన సముద్ర హద్దు దాటి వచ్చి వేట చేస్తున్నారని కేసు. టీవీలో వాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టి చూపించారు. లుంగీలు, ఎండకి నల్లబడ్డ మొహాలు. మా వీధిలో వాళ్ళలాగే ఉన్నారు.

మా తాత టీవీ దగ్గరికి జరిగి, "హద్దు దాటీసినారంటన్నారు. నీళ్ళ మీద హద్దు ఎవులు గీసినారే అమ్మా? ఆళ్ళకి అవుపించిందా ఏటి?" అని నన్నడిగాడు. నాకు జవాబు తెలీదు. మర్నాడు సాంఘిక శాస్త్రం మాస్టారిని అడిగితే, ఆయన కూడా జవాబు చెప్పలేదు. "పత్రికకి వ్యాసం కావాలన్నారుగా, నువ్వే తెలుసుకుని రాయి" అన్నారు. అలా మొదలైంది ఈ వ్యాసం.

గీత నేల మీద ఆగిపోయింది

కథ 1947 దగ్గర మొదలవుతుంది. దేశ విభజన చేయడానికి ఇంగ్లండు నుంచి సిరిల్ రాడ్‌క్లిఫ్ అనే న్యాయవాది వచ్చాడు. అంతకుముందు ఆయన మన దేశం మొహం చూడలేదు. అయిదు వారాల్లో బెంగాల్‌ని, పంజాబ్‌ని రెండు ముక్కలు చేశాడు. బెంగాల్ దక్షిణాన హరియాభంగా, రాయ్‌మంగల్, కాళింది నదులున్నాయి. వాటి ముఖ్య ప్రవాహం మధ్యగా గీత వెళ్తుందని, అది సముద్రాన్ని చేరిన చోట ఆగుతుందని నిర్ణయించారు. సముద్రంలో ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. అప్పట్లో ఆ అవసరం కూడా రాలేదు. ఒడ్డు నుంచి కొన్ని మైళ్ళు దాటితే సముద్రం అందరిదీ అనుకునేవారు.

1971లో తూర్పు పాకిస్తాన్ బంగ్లాదేశ్ అయింది. 1974లో ఆ కొత్త దేశం తన సముద్ర హద్దుల గురించి చట్టం చేసుకుంది. సముద్రం అడుగున చమురు, గ్యాస్ వెతకడానికి విదేశీ కంపెనీలకు బ్లాకులు కూడా ఇచ్చింది. బ్లాకు అంటే మ్యాపు మీద గళ్ళు గీసి, ఈ గడిలో నువ్వు తవ్వుకో అని ఇవ్వడం. ఆ గళ్ళలో కొన్ని తన నీళ్ళలోకి వస్తున్నాయని భారత్ అభ్యంతరం చెప్పింది. 1974లోనే రెండు దేశాల మధ్య చర్చలు మొదలయ్యాయి. ముగియడానికి నలభై ఏళ్ళు పట్టింది.

మునిగిపోయిన దీవి

ఈ నలభై ఏళ్ళలో పేపర్లలో ఎక్కువగా వచ్చింది గ్యాస్ గురించి కాదు, ఒక చిన్న దీవి గురించి. 1970 నవంబరులో భోలా తుఫాను వచ్చి ఆ తీరంలో మూడు లక్షల మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత హరియాభంగా నది మొగ దగ్గర కొత్తగా ఒక ఇసుక దిబ్బ తేలింది. దానికి మనవాళ్ళు న్యూ మూర్ అని, పూర్వాశా అని పేర్లు పెట్టారు. బంగ్లాదేశ్ వాళ్ళు దక్షిణ తల్పట్టి అన్నారు. ఎంత ఎత్తుగా ఉన్నప్పుడైనా రెండు మీటర్లు దాటలేదట. మనుషులెవరూ కాపురం ఉండలేదు.

అలాంటి దిబ్బ కోసం ఎందుకు గొడవ? నది ముఖ్య ప్రవాహం మధ్యగా హద్దు వెళ్తుందని రాడ్‌క్లిఫ్ చెప్పాడు కదా. ప్రవాహం దీవికి తూర్పున ఉందని భారత్ అంది. అలాగైతే దీవి మనది. పడమర ఉందని బంగ్లాదేశ్ అంది. అలాగైతే దీవి వాళ్ళది. దీవి ఎవరిదైతే వాళ్ళ హద్దు అక్కడి నుంచి సముద్రంలోకి సాగుతుంది. ఒడ్డున ఒక వేలెడు పక్కకి జరిగితే, వందల కిలోమీటర్ల లోపలికి వెళ్ళేసరికి అది ఎంతో పెద్ద తేడా అవుతుంది. 1981లో మనవాళ్ళు అక్కడ జెండా ఎగరేశారు. రెండు వైపుల నుంచీ నౌకలు వచ్చి ఎదురెదురుగా నిలబడ్డాయి.

2010లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాలు చూసి, దీవి పూర్తిగా నీళ్ళలో మునిగిపోయిందని ప్రకటించారు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. తర్వాత భయం వేసింది. మా వీధి చివర ఇళ్ళ ముందు కూడా ఇసుక ఏటేటా కోసుకుపోతోంది.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది

అసలు తగాదా దీవి కాదు, గీత గీసే పద్ధతి. అది నాకు బాగా ఆలస్యంగా అర్థమైంది.

ఐక్యరాజ్యసమితి 1982లో సముద్ర చట్ట ఒప్పందం తయారు చేసింది. దాని ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ దాకా, అంటే 22 కిలోమీటర్లు, ఆ దేశపు సొంత సముద్రం. 200 నాటికల్ మైళ్ళ దాకా, అంటే 370 కిలోమీటర్లు, అక్కడి చేపల మీద, అడుగున ఉన్న గ్యాస్, ఖనిజాల మీద ఆ దేశానికే హక్కు. పక్కపక్క దేశాల హక్కులు ఒకదాని మీద ఒకటి పడితే మాట్లాడుకుని న్యాయంగా పంచుకోవాలి. భారత్ 1995లో, బంగ్లాదేశ్ 2001లో ఈ ఒప్పందాన్ని ఆమోదించాయి.

భారత్ సమదూర పద్ధతి కావాలంది. ఇద్దరి తీరాల నుంచీ సమానమైన దూరంలో ఉన్న చుక్కలన్నీ కలిపితే అదే హద్దు. వినగానే ఇంతకన్నా న్యాయం ఏముంది అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

మాస్టారు అట్లాసు తెరిచి చూడమన్నారు. బంగ్లాదేశ్ తీరం లోపలికి వంగి ఉంటుంది. మనం భౌతికశాస్త్రంలో చదివిన పుటాకార దర్పణం లాగా. దానికి పడమర మనం, తూర్పున మయన్మార్. మనతో ఒక సమదూర గీత, మయన్మార్‌తో ఒక సమదూర గీత గీస్తే, ఆ రెండూ కొంత దూరం వెళ్ళాక ఒకదాన్నొకటి కలుసుకుంటాయి. మధ్యలో ఉన్న బంగ్లాదేశ్‌కి ఒక త్రికోణం మిగులుతుంది. అది 200 మైళ్ళ దాకా వెళ్ళనే వెళ్ళదు. నేను స్కేలు పెట్టి నోటుబుక్కులో గీసి చూశాను. నిజమే. గది మూలన కూర్చున్న పిల్లకి, అటూ ఇటూ ఉన్న ఇద్దరూ కాళ్ళు చాపుకుంటే ముందుకి దారి ఉండదు. అలాగన్నమాట.

ఈ ఇబ్బంది వాళ్ళకే మొదటిసారి రాలేదు. ఉత్తర సముద్రంలో జర్మనీకి ఇలాగే డెన్మార్క్, నెదర్లాండ్స్ మధ్య వంగిన తీరం ఉంది. సమదూర పద్ధతే పాటించి తీరాలన్న నియమం ఏదీ లేదని 1969లో అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పింది. ఆ తర్వాత ఆ మూడు దేశాలూ కూర్చుని మాట్లాడుకుని, 1971లో ఒప్పందాలు చేసుకున్నాయి. బంగ్లాదేశ్ వాళ్ళు ఈ ఉదాహరణే చూపించారు.

గ్యాస్ వచ్చి తొందర పెట్టింది

1980ల తర్వాత చాలాకాలం చర్చలు ఆగిపోయాయి. ఎవరికీ తొందర లేదు. అయితే 2002లో మన కృష్ణా–గోదావరి బేసిన్‌లో, కాకినాడకి ఎదురుగా లోతు సముద్రంలో పెద్ద గ్యాస్ నిక్షేపం బయటపడింది. 2004లో మయన్మార్ తీరంలో ష్వే గ్యాస్ క్షేత్రం దొరికింది. బంగాళాఖాతం అటూ ఇటూ దొరికితే మధ్యలో ఎందుకు ఉండదు అని అందరికీ ఆశ పుట్టింది. బంగ్లాదేశ్‌కి సముద్రంలో అప్పటికి ఉత్పత్తి చేస్తున్నది సంగు అనే ఒక్క క్షేత్రమే. అది కూడా 2013లో ఆగిపోయింది.

2008లో బంగ్లాదేశ్ కొత్త బ్లాకులకు వేలం పిలిచింది. భారత్, మయన్మార్ రెండూ అభ్యంతరం చెప్పాయి. హద్దు తేలని నీళ్ళలో కోట్ల రూపాయలు ఏ కంపెనీ పెడుతుంది? ఆ నవంబరులోనే మయన్మార్ తరఫున ఒక కొరియా కంపెనీ తగాదా నీళ్ళలోకి వస్తే, రెండు దేశాల యుద్ధనౌకలు ఎదురుపడ్డాయి. భారత్‌తో మళ్ళీ చర్చలు జరిగినా తేలలేదు.

2009 అక్టోబరు 8న బంగ్లాదేశ్ ఒకేరోజు భారత్ మీద, మయన్మార్ మీద సముద్ర చట్టం కింద మధ్యవర్తిత్వానికి వెళ్ళింది. మయన్మార్ కేసు జర్మనీలోని హాంబర్గ్ ట్రిబ్యునల్‌కి వెళ్ళి, 2012 మార్చి 14న తేలిపోయింది. మన కేసు అయిదుగురు మధ్యవర్తుల ముందుకి వచ్చింది. జర్మనీ, ఫ్రాన్స్, ఘనా, ఆస్ట్రేలియా, భారతదేశాల నుంచి ఒక్కొక్కరు. భారతీయుడు పెమ్మరాజు శ్రీనివాసరావు గారు. తెలుగు ఇంటిపేరు చూడగానే నాకు చాలా సంతోషం వేసింది. ఆయన చాలా ఏళ్ళు మన విదేశాంగ శాఖకి న్యాయ సలహాదారుగా పనిచేశారు.

నాకు నచ్చిన విషయం ఒకటుంది. వీళ్ళు నెదర్లాండ్స్‌లోని ది హేగ్ నగరంలో కూర్చుని కాగితాలు చూసి తీర్పు రాయలేదు. 2013 అక్టోబరులో స్వయంగా ఇక్కడికి వచ్చి రెండు దేశాల తీరాలూ చూశారు. డిసెంబరులో వాదనలు విన్నారు. నది ముఖ్య ప్రవాహం 1947లో ఎక్కడుందో తేల్చడానికి, ఇప్పటి ఫొటోల కంటే ఆనాటి కాలానికి దగ్గరగా ఉన్న బ్రిటిష్ నౌకా పటాన్ని నమ్మారు. రాడ్‌క్లిఫ్ గీత ఏనాటిదో, నదిని కూడా ఆనాటి నదిగానే చూడాలి కదా.

ఓడిపోయామా?

2014 జులై 7న తీర్పు వచ్చింది. అప్పటికి నాకు మూడేళ్ళు. తగాదాలో ఉన్న సముద్రం 25,602 చదరపు కిలోమీటర్లు. అందులో బంగ్లాదేశ్‌కి 19,467 వచ్చింది. మనకి 6,135 వచ్చింది. దీవి మునిగిన చోటు మాత్రం మన వైపే పడింది.

ఈ అంకెలు చూసి నాకు కోపం వచ్చింది. మొదట రాసిన వ్యాసానికి "మనం పోగొట్టుకున్న సముద్రం" అని పేరు పెట్టాను. క్లాసులో చదివితే అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు ఒక్కటే అడిగారు: "పోగొట్టుకోవాలంటే ముందు మనదై ఉండాలి కదా. ఎప్పుడు మనదైంది?" నేను నిలబడి చూస్తూ ఉండిపోయాను. అది తగాదా నీళ్ళు. మనమూ అడిగాం, వాళ్ళూ అడిగారు. వాళ్ళు 180 డిగ్రీలు, అంటే తిన్నగా దక్షిణానికి గీత కావాలన్నారు. మనం ఆగ్నేయంగా వాలే సమదూర గీత కావాలన్నాం. ట్రిబ్యునల్ ఒడ్డు దగ్గర సమదూరంగా మొదలుపెట్టి, లోపలికి వెళ్ళాక గీతని 177 డిగ్రీల 30 నిమిషాల దిశకి తిప్పింది. మూలన ఉన్న పిల్లకి కాళ్ళు చాపుకునే దారి ఇచ్చిందన్నమాట. శ్రీనివాసరావు గారు కొన్ని అంశాల్లో మిగిలిన నలుగురితో ఏకీభవించి, గీత తిప్పిన విషయంలో మాత్రం భిన్నాభిప్రాయం రాశారు. అంటే చదువుకున్నవాళ్ళకే ఇది అంత తేలిక లెక్క కాదు.

భారతదేశం ఈ తీర్పుని ఒప్పుకుంది. మన దేశం వాళ్ళకన్నా ఎన్నో రెట్లు పెద్దది, నౌకాదళమూ పెద్దదే. ఒప్పుకోమని మొండికేస్తే ఎవరేం చేయగలరు? రెండేళ్ళ తర్వాత, 2016లో దక్షిణ చైనా సముద్రం మీద ఇలాంటి తీర్పే వస్తే చైనా ఒప్పుకోలేదు. అక్కడ తగాదా ఈనాటికీ నడుస్తోంది. అది చదివాక నా వ్యాసం పేరు కొట్టేశాను.

ఇంకో సంగతి. అంత పోట్లాడిన గ్యాస్ ఏమైంది? తీర్పు రాకముందే, 2014 ఫిబ్రవరిలో, బంగ్లాదేశ్ తన లోతు తక్కువ సముద్రంలో రెండు బ్లాకులను మన ప్రభుత్వ కంపెనీలైన ఓఎన్‌జీసీ విదేశ్, ఆయిల్ ఇండియాలకు ఇచ్చింది. హద్దు కోసం కోర్టులో ఉన్నవాళ్ళే పక్కన కలిసి పనిచేశారు. బంగ్లాదేశ్ 2024లో 24 బ్లాకులకు వేలం పిలిస్తే ఒక్క కంపెనీ కూడా టెండరు వేయలేదు.

గీత తేల్చనిది

మా తాతకి ఇదంతా చెప్పాను. ఒక విచిత్రం కూడా చెప్పాను. చాలా లోపల ఒక చిన్న ముక్క ఉంది. అక్కడ అడుగు నేల మీద హక్కు బంగ్లాదేశ్‌ది, పైన నీళ్ళ మీద, చేపల మీద హక్కు మనది. తాత ఏమీ ఆశ్చర్యపోలేదు. "సెరువులో నీళ్ళు రైతులియ్యి, సేపల పాట ఇంకొకడిది. అలాటిదే" అన్నాడు.

తర్వాత తాత తన కథ చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు పారాదీప్ నుంచి ఒక బోటు మీద కూలికి వెళ్ళాడట. ఇంజను చెడిపోయి రెండు రాత్రులు నీళ్ళ మీద కొట్టుకుపోయారు. తాగడానికి నీళ్ళు అయిపోయాయి. మూడో రోజు తెల్లవారుజామున ఇంకో బోటు కనిపించి, వాళ్ళు మంచినీళ్ళ డబ్బా, ఇంత అన్నం ఇచ్చారు. బెంగాలీలో మాట్లాడారు. "ఏ బెంగాలు తాతా? మనదా, వాళ్ళదా?" అని నేనడిగాను. "ఎవులడిగినారే? నీళ్ళిచ్చినోడిని ఊరడుగుతామా?" అన్నాడు.

ఇప్పుడైతే అడుగుతారు. బోట్లలో జీపీఎస్ ఉంది, గీత ఎక్కడో తెలుస్తుంది. అయినా వల వెంట, చేప వెంట బోటు వెళ్తుంది. ఆ 78 మంది పారాదీప్‌లో ఉన్న సమయంలోనే పశ్చిమ బెంగాల్ నుంచి వెళ్ళిన 95 మంది మన జాలర్లు బంగ్లాదేశ్ జైళ్ళలో ఉన్నారు. 2025 జనవరి 5న రెండు దేశాలూ సముద్రం మీదే, ఆ గీత దగ్గరే, వాళ్ళని మార్చుకున్నాయి. మనకి 95 మంది, వాళ్ళకి 90 మంది. ఆ 90 మందిలో పారాదీప్‌కి తెచ్చిన 78 మంది ఉన్నారు, బోటు మునిగితే మనవాళ్ళు కాపాడిన 12 మంది ఉన్నారు.

చేపకి గీత తెలీదు. ఇలస చేప సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎదురెక్కుతుంది. పద్మలోకీ వెళ్తుంది, హుగ్లీలోకీ వెళ్తుంది, మన గోదావరిలోకీ వెళ్తుంది. అందుకే చేపలు పెరిగే కాలంలో రెండు దేశాలూ వేట ఆపుతాయి. కాని ఇన్నాళ్ళూ తేదీలు వేరు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. బంగ్లాదేశ్‌లో మే 20 నుంచి జులై 23 దాకా 65 రోజులు. అంటే వాళ్ళ బోట్లు ఒడ్డున ఉండగానే మన బోట్లు నీళ్ళలోకి దిగేవి. మేం ఆకలితో కూర్చుంటే పక్కవాళ్ళు వచ్చి మా చేప పట్టుకుపోతున్నారని వాళ్ళ జాలర్లు చాలా ఏళ్ళు మొరపెట్టుకున్నారు. ఈ బాధ మాకు తెలుసు. రుషికుల్య మొగ దగ్గర తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట ఉండదు. ఆ నెలల్లో పక్క ఊరి బోటు ఏదైనా దొంగతనంగా దిగిందంటే మా రేవంతా అదే మాట.

2025లో బంగ్లాదేశ్ తన తేదీలు మార్చుకుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 11 దాకా, 58 రోజులు. ఇప్పుడు రెండు వైపులా దాదాపు ఒకటే కాలం. దీనికి మధ్యవర్తులు రాలేదు, కేసు పడలేదు. దీని గురించి పేపర్లో చిన్న వార్తే వచ్చింది. నాకు మాత్రం ఇది 2014 తీర్పుకి తక్కువ కాదనిపిస్తుంది. గీత గ్యాస్‌ని పంచుతుంది. గ్యాస్ కదలదు కాబట్టి సరిపోయింది. కదిలే చేపని పంచుకోవాలంటే గీత ఒక్కటే చాలదు, ఇద్దరూ ఒకేసారి వల ఎత్తాలి, ఒకేసారి దించాలి.

ఈ ఏడాది ఏప్రిల్ 15న మా నాన్న బోటు ఒడ్డుకి లాగారు. తాత ఇసుకలో కూర్చుని పాత వల బాగు చేస్తున్నాడు. "తాతా, ఇవాళ అక్కడ కూడా బోట్లు లాగేశారు" అని చెప్పాను. తాత తూర్పు వైపు కాసేపు చూసి, "మంచిది. సేప పెరుగుతాది" అని మళ్ళీ వల అల్లుకున్నాడు.